చెన్నపట్నమున రెండు సెలవుదినములు

శనివారపు సాయంకాలమును ఆదివారముతో కలిపి విశ్రాంతికాలముగా లెక్కించుట తెలుగునాట పూర్వమునుండి ఉన్న అలవాటు కాదు. వీథిబడి పిల్లలకు పాడ్యమి, అష్టమి, పూర్ణిమ, అమావాస్య వంటి తిథులను బట్టి అనధ్యయనములు వచ్చెడివి. రైతునకు పనిలేని దినమును ఋతువు నిర్ణయించెడిది. వర్తకునకు పండుగలును తిరునాళ్లును విరామములు. వారమునకొక దినము అందరికిని ఒకేమారు పని ఆగుట కచ్చేరీలతోను కర్మాగారములతోను వచ్చిన ఏర్పాటు. అదియు అందరికి ఒకేసారి దొరకలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు 1890లో నారాయణ మేఘాజీ లోఖండే నడిపిన ఆందోళన ఫలితముగా లభించినది. నేడు తలుపు తట్టకుండనే వచ్చు ఆదివారము వెనుక ఇంత కథ ఉన్నది.

సెలవు దొరకిన పిమ్మట దానిని ఎచ్చట గడుపవలెననునది రెండవ ప్రశ్న. పల్లెలో దీనికి సమాధానము వెదకనక్కరలేదు. రచ్చబండయు, దేవాలయమండపమును, ఏటిగట్టును ఉన్నవి. అయితే రచ్చబండమీద ఎవరు కూర్చుండవలెనో, ఎవరు దూరముగా నిలువవలెనో కులమే నిర్ణయించెడిది. నగరములందు పందొమ్మిదవ శతాబ్దిలో కొత్తరకపు స్థలములు ఏర్పడినవి: సముద్రతీరపు నడకదారి, ప్రదర్శనశాల, గ్రంథాలయము, సభామందిరము, ఉద్యానవనము. వీనిలో ప్రవేశించువాడు తన యింటిపేరు చెప్పనక్కరలేదు. ఆచరణలో అడ్డంకులు చాలకాలము నిలిచినను, సూత్రప్రాయముగా ద్వారము తెరువబడినది. ఒకే ఊరివారును, ఒకే కులమువారును కానివారు కేవలము అభిరుచిచేత మిత్రులగుటకు ఇట్టి స్థలములు తోడ్పడినవి. ఆధునికాంధ్ర సాహిత్యచరిత్రను గ్రంథములను బట్టియు, ఉద్యమములను బట్టియు వ్రాయుట పరిపాటి. ఆ గ్రంథములకు ముందు జరిగిన సంభాషణలు ఏ కప్పుక్రింద, ఏ చెట్టునీడను సాగినవో పరిశీలించుట అరుదు.

ఆ పరిశీలనకు చెన్నపట్నము తగిన క్షేత్రము. ముగ్గురు నలుగురు మిత్రులు ఒక శనివారము మధ్యాహ్నము మొదలు ఆదివారము రాత్రివరకు అచ్చటి ముఖ్యభవనములను చూచుచు తిరిగినచో, మూడు శతాబ్దుల తెలుగువారి చరిత్రలో పెద్దభాగము కాలిక్రింద నడచును. తోడు లేనివాడు భవనమును చూచును. మిత్రులతో పోవువాడు భవనమును గూర్చి వాదించును. చరిత్రకు రెండవదే మేలు.

నడక కోటవద్ద మొదలిడుట న్యాయము. 1639లో ఈ తీరమున ఒక ఇసుకదిబ్బను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినవాడు చంద్రగిరిరాజుల క్రింద ఈ ప్రాంతమునేలుచుండిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. పుచ్చుకొన్నవాడు ఫ్రాన్సిస్ డే. వారిరువురి నడుమ మాట నడపినవారిలో బేరి తిమ్మన అను తెలుగు దుబాసీ ఒకడు. నాయకుని తండ్రి చెన్నప్ప పేరున ఊరు చెన్నపట్నమైనదని బహుళప్రచారము. పేరు పుట్టుకను గూర్చి వాదములున్నను, నగరపు జన్మపత్రికలో తెలుగు వ్రాత ఉన్నదనుటలో వివాదము లేదు. నగరము ఒక దుబాసీ నోట మొదలైనదనుట అనువాదకులకు గుర్తుంచుకొనదగిన సంగతి.

కోటలోపలి సెంట్ మేరీ దేవాలయము 1680లో ప్రతిష్ఠితమైనది. గుండ్లదెబ్బకు ఓర్చుకొనునట్లు దాని కప్పును మందముగా కట్టినారు. ప్రార్థనామందిరమునకు సైతము కోటగోడ మనస్తత్త్వము పట్టినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. 1753లో రాబర్టు క్లైవు వివాహము ఇచ్చటనే జరిగినది. ఈ కోట 1746లో ఫ్రెంచివారి వశమై, 1749లో తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. ఆ భయము ఫలితమును కోటవెలుపల చూడవచ్చును. ఫిరంగుల చూపునకు అడ్డులేకుండుటకై పాత నల్లవారి పట్టణమును తొలగించినారు. దానితోపాటు చెన్నకేశవస్వామి ఆలయము కూడ పోయినది. పిమ్మట మణలి ముత్తుకృష్ణ మొదలియారి తోడ్పాటుతో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయములు పూలబజారు సమీపమున మరల లేచినవి. పట్టణము పేరు మోసిన దేవుడే పట్టణములో ఇల్లు మారవలసి వచ్చినది.

ఇట్లు చదునైన నేలమీదనే నేటి ఉన్నతన్యాయస్థానము నిలిచియున్నది. హెన్రీ ఇర్విన్ చేతులమీదుగా పూర్తియై 1892లో తెరువబడిన ఈ ఎఱ్ఱని కట్టడము గుమ్మటములతో, చిన్నచిన్న స్తంభములతో, అల్లికలవంటి కమానులతో దూరమునుండి ఏదో సుల్తాను దర్బారువలె కనబడును. దాని ప్రధానగోపురముమీద 1894 మొదలు 1977 వరకు నావికులకు దీపము వెలిగెడిది. న్యాయమునకును దీపమునకును ఒకే గోపురము చాలినదని మిత్రులలో ఎవరైన పరిహాసమాడిన తప్పులేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక నగరముమీద గుండ్లు కురిపించినపుడు ఒక గుండు ఈ ఆవరణకు కూడ తగిలినది.

అచ్చటికి ఎదురుగా, అంగళ్లరద్దీ నడుమ, పచ్చయప్ప మందిరము కలదు. 1850లో తెరువబడిన ఈ కట్టడమునకు ఏథెన్సులోని థీసియసు ఆలయము మాతృక. 1794లో మరణించిన పచ్చయప్ప మొదలియారి ధర్మనిధి న్యాయస్థానములలో దీర్ఘకాలము నలిగి, చివరకు విద్యాలయమైనది. పరవస్తు చిన్నయసూరి ఆ విద్యాలయమున తెలుగుపండితుడుగా పనిచేసినాడు. తరువాత ప్రెసిడెన్సీ విద్యాలయమునకు పోయినాడు. ఆయన నీతిచంద్రిక 1853లో వెలువడినది. ఏథెన్సు స్తంభములను తెచ్చి అంగడివీథిలో నిలిపిన ఆ దశాబ్దములలోనే, పంచతంత్రకథను కొత్త పాఠశాలల కొఱకు కొత్త వచనములో నిలుపుటయు జరిగినది. ఒకటి పాశ్చాత్యపు ప్రాచీనత, రెండవది స్వదేశపు ప్రాచీనత. రెండింటికిని ఆశ్రయము ఒకే పాఠశాలావ్యవస్థ.

శనివారపు సంధ్యవేళకు పెద్ద రైలుస్టేషను సమీపముననున్న విక్టోరియా సభామందిరము చేరవచ్చును. 1883లో దీనికి శంకుస్థాపన చేసినవాడు విజయనగర ప్రభువైన పూసపాటి ఆనందగజపతి. 1897లో గురజాడవారి కన్యాశుల్కము అంకితము పొందినదియు ఈ ఆనందగజపతియే. తెలుగు నాటకపు తొలి మహాకృతికి ఆశ్రయమిచ్చిన చేయియే ఈ నగరపు నాటకశాలకు పునాదిరాయి వేసినది. బళ్లారినుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ 1891లో చెన్నపట్నము వచ్చి ఆడిన తెలుగునాటకములను చూచి, పమ్మల్ సంబంధ మొదలియారు అదే సంవత్సరము సుగుణవిలాస సభను నెలకొల్పినారు. ఆధునిక తమిళ నాటకరంగ చరిత్ర ఆ సభతో ఒక మలుపు తిరిగినది. ఇచ్చిపుచ్చుకొనుటలో లెక్కలు వ్రాసుకొనుట మిత్రధర్మము కాదు గాని, మరచిపోవుటయు మిత్రధర్మము కాదు.

ఆదివారపు ఉదయమును ఎగ్మూరులోని ప్రదర్శనశాలకు కేటాయింపవలెను. 1851లో ఆరంభమైన ఈ సంస్థలో తెలుగువాడు తప్పక ఆగవలసిన తావు అమరావతీ శిల్పముల మందిరము. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు పద్దెనిమిదవ శతాబ్ది చివర కృష్ణాతీరమున కొత్త పట్టణము కట్టించుచుండగా, దీపాలదిన్నె రాళ్లు కట్టడములకు పోవుచుండెను. కాలిన్ మెకెంజీ 1797 ప్రాంతమున వానిని చూచి, తరువాత చిత్రములు గీయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి శిల్పములను చెన్నపట్నమునకు పంపించెను. అవి చాలకాలము ఎండకు వానకు ఓర్చి ఆరుబయట పడియుండెను. 1859లో నూటికి పైబడిన ఫలకములను లండనుకు ఓడలోనెక్కించినారు. మిగిలినవి, తరువాత దొరకినవి ఇచ్చట నిలిచినవి. 1942లో సి. శివరామమూర్తి వీనిని గూర్చి వ్రాసిన పెద్దగ్రంథము నేటికిని పరిశోధకులకు ఆధారము.

ఈ మందిరమున మిత్రుల నడుమ వాదము తప్పదు. రాళ్లను తరలింపకున్నచో సున్నపుబట్టీలపాలయి యుండెడివని ఒకరందురు. రక్షించుట వేఱు, మాతృస్థలమును విడదీయుట వేఱు, సముద్రముదాటించుట ఇంకను వేఱని మరియొకరందురు. మొదటివారి మాటలో నిజమున్నది. కాని అది పూర్తినిజము కాదు. స్తూపమును రాయిరాయిగా విప్పిన పిమ్మట, ఫలకములు శిల్పములుగా మిగిలినవి గాని స్తూపముగా మిగులలేదు. ప్రదక్షిణము చేయుచు చదువవలసిన కథను గోడకానించి నిలిపినపుడు వాక్యములు మిగిలి వాక్యక్రమము పోయినది. ఒక కావ్యమునుండి పద్యములను ఏరి సంకలనము చేయువారు ఈ మందిరమున కొంతసేపు నిలిచి ఆలోచింపదగును.

అదే ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయము 1896లో తెరువబడినది. ఇది కూడ ఇర్విన్ రూపకల్పనయే. రంగుటద్దములనుండి దిగు వెలుగును, చెక్కడపుపని నిండిన కప్పును చూచుటకే కొందరు వత్తురు. అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. 1954లో చేసిన శాసనమును అనుసరించి దేశమున ప్రచురింపబడు ప్రతిగ్రంథపు ప్రతియొకటి అందుకొను నాలుగు గ్రంథాలయములలో ఇదియొకటి. తక్కిన మూడును కలకత్తా, బొంబాయి, ఢిల్లీలలో ఉన్నవి. చట్టమును బట్టి చూచిన, తెలుగున అచ్చగు ప్రతి కవితాసంపుటికిని ఈ కప్పుక్రింద ఒక చోటు ఉన్నది. పుస్తకమును పంపు బాధ్యత ప్రకాశకునిది. తన పుస్తకము అచ్చటికి చేరినదా యని ఎందరు రచయితలు విచారించుచున్నారు?

ఎండ తగ్గిన పిమ్మట సముద్రతీరము. చేపాకభవనమును ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కొఱకు 1768లో కట్టినారు. 1855లో నవాబుల పరంపర ఆగిన పిమ్మట భవనము ప్రభుత్వపరమైనది. 2012 జనవరిలో దానిలోని కలశమహలు అగ్నికి గురియై, తరువాత ఉద్ధరింపబడినది. దాని పొరుగున రాబర్టు ఫెలోస్ చిజం కట్టించిన రెండు భవనములు గలవు: 1870లో తెరువబడిన ప్రెసిడెన్సీ విద్యాలయము, 1874 మొదలు 1879 వరకు కట్టిన విశ్వవిద్యాలయ సెనేటుభవనము. మొదటిదానిలో చిజం ఇంకను ఇటలీవైపు చూచుచున్నాడు. సెనేటుభవనము నాటికి ఆయన చూపు పొరుగుననున్న నవాబు మహలుమీదికి మరలినది. గుమ్మటములు, వన్నెల పలకలు, బైజాంటియపు స్తంభములు, మహమ్మదీయపు కమానులు ఒకచోట చేరినవి. ఇండో-సారసెనిక్ అని వాస్తుకారులు పిలుచు శైలికి ఇది తొలి ఉదాహరణములలో నొకటి.

ఈ శైలిని మిశ్రమమని ఈసడించువారున్నారు. వారు ఒక్క సంగతి గమనింపవలెను. సెనేటుభవనపు గోడలు లేచుచుండిన కాలముననే, 1878లో, కందుకూరి వీరేశలింగము పంతులు రాజశేఖర చరిత్రమును తమ వివేకవర్ధనిలో ప్రకటింప నారంభించిరి. గోల్డుస్మిత్తు నవలనుండి ప్రేరణ పొంది, గోదావరీతీరపు ఇంటిలో దానిని కాపురముంచిరి. పచ్చయప్ప మందిరము ముక్కస్యముక్కార్థమైన అనువాదము; సెనేటుభవనము అనుసరణము. చిజం పరాయివాని వాక్యనిర్మాణములో ఇచ్చటి పదములను పొదిగినాడు. వీరేశలింగముగారు పరాయి కథానిర్మాణములో ఇచ్చటి జీవితమును పొదిగినారు. భేదమొకటి కలదు. చిజం అలంకారములను ఎరువు తీసికొన్నది పాలకుల కొఱకు. పంతులుగారు నిర్మాణమును ఎరువు తీసికొన్నది తమ పాఠకులను సంస్కరించుట కొఱకు. కావుననే మొదటిది చూడముచ్చటయై నిలిచినది, రెండవది సంతానమును కన్నది. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారును, తరువాత వీరేశలింగముగారును ప్రెసిడెన్సీ విద్యాలయమునందే తెలుగు బోధించిరి. శైలివిషయమున భిన్నమార్గములు త్రొక్కిన ఇద్దరికి ఒకే విద్యాలయము జీతమిచ్చినది.

ఎదుటనున్న నడకదారిని 1884 ప్రాంతమున గవర్నరు గ్రాంట్ డఫ్ ఏర్పరచి, ఇటలీభాషలోని మెరీనా అను పేరిడెను. దక్షిణముగా నడచిన ఐసుహౌసు కనబడును. అమెరికానుండి ఓడలపై వచ్చు మంచుగడ్డలను దాచుటకై 1842లో దానిని కట్టినారు. 1897లో వివేకానందస్వామి అచ్చట విడిసినారు. నేడది ఆయన పేరనే ఉన్నది. 1923 మే 1వ తేదీన సింగారవేలు చెట్టియారు దేశమున తొలి మేదినోత్సవమును ఈ సముద్రతీరముననే జరిపినారు. 1959లో ఆవిష్కృతమైన దేవీప్రసాద రాయ్ చౌధురి శ్రమవిజయశిల్పము బండను కదలించు నలుగురు శ్రామికులను చూపును. ఈ తీరపు భవనములకు వాస్తుకారుల పేర్లున్నవి. ఇటుక మోసినవారికి ఉన్నది ఈ విగ్రహమొక్కటే. ఆదివారపు గాలికై వచ్చినవారు ఈ విగ్రహమును దాటిపోవునపుడు, ఆదివారమును సంపాదించినవారెవరో తలచుకొనుట ఉచితము.

రాత్రికి మిగిలినవి మూడు తావులు. ఒకటి త్యాగరాయనగరపు పానగల్ ఉద్యానము. 1921 నుండి 1926 వరకు మదరాసు ప్రధానమంత్రిగా నుండిన పానగల్లురాజా పానగంటి రామరాయణింగారి పేరు దానికి పెట్టినారు. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు సాయంకాలములందు ఇచ్చట కూర్చుండెడివారు. వారిచుట్టు సాహితీమిత్రులు చేరెడివారు. ఆ బల్లయే అధ్యక్షపీఠము, ఆ చెట్టే సభాభవనము. పత్రికలును, చలనచిత్రపరిశ్రమయు, 1947లో పుట్టిన చందమామయు తెలుగు రచయితలను ఈ నగరమునకు రప్పించినవి. ఇట్టి ఉద్యానములు వారిని ఒకరికొకరిని చూపినవి. అయితే ఆ గోష్ఠులలో స్త్రీలెందరు? ఉద్యానపు బల్ల అందరిదని చెప్పుట సులభము. సాయంకాలము అచ్చట తీరికగా కూర్చుండు స్వేచ్ఛ అందరికి లేదు. 1937లో దుర్గాబాయి ఈ నగరమున ఆంధ్రమహిళాసభను స్థాపించుటలో ఆ కొఱతకు సమాధానము కొంత కలదు. తావు దొరకనివారు తావు కట్టుకొనిరి.

రెండవది మైలాపూరులోని లజ్జు ప్రాంతము. ఆంధ్రపత్రికను బొంబాయినుండి 1914లో ఇచ్చటికి తెచ్చి దినపత్రికగా మార్చి, 1924లో భారతిని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఇచ్చటిదే. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అచ్చట కుదుర్చుకొన్న ఒడంబడిక ఆ యింటిపేరనే చరిత్రకెక్కినది. పరస్పరసంశయము గలవారు ఒక మిత్రుని యింట కూర్చుండి మాటలాడుకొనగలిగిరి. రాజకీయమునకు సైతము ఇల్లొకటి కావలెను గదా.

మూడవది రాయపేట హైరోడ్డులోని 126వ సంఖ్యగల యిల్లు. బులుసు సాంబమూర్తిగారి ఆ యింట పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరశనవ్రతమాచరించి 1952 డిసెంబరు 15 రాత్రి మరణించిరి. దానికి గుమ్మటము లేదు, స్తంభములు లేవు. దేశపటమును మార్చిన భవనములలో ఇంత సామాన్యమైనది మరియొకటి కనబడదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినది. చెన్నపట్నము అందులో చేరలేదు. మదరాసు మనదేయను నినాదము చల్లారి, పోగొట్టుకొంటిమను వ్యథ మాత్రము మిగిలినది.

ఆ వ్యథను రెండు దినముల నడక పిమ్మట మరల తూచవలెను. పరిపాలన చేజారుట ఒక యెత్తు. పరిచయము చేజారుట మరియొక యెత్తు. మొదటిదానిని ఒక రాజకీయనిర్ణయము చేసినది. రెండవదానిని ఎవరును బలవంతముగా చేయలేదు. చిన్నయసూరి పనిచేసిన విద్యాలయమేదో, ఆనందగజపతి శంకుస్థాపన చేసిన మందిరమేదో, మల్లాదివారు కూర్చుండిన తోట యేదో తెలియని తరము వచ్చుట సరిహద్దులవలన కాదు. ఆ నగరమునకు పోయి, నేరుగా బట్టల అంగడికో వైద్యశాలకో నడచి, రాత్రిబండికి తిరిగివచ్చుటవలన. తమిళ మిత్రులతో కలిసి ఈ భవనములను చూచినచో హక్కుల తగాదా వచ్చునని భయపడనక్కరలేదు. విక్టోరియా మందిరపు కథను సంబంధ మొదలియారు లేకుండ తెలుగువారు చెప్పలేరు; రామకృష్ణమాచార్యులు లేకుండ తమిళులు చెప్పలేరు.

హైదరాబాదు, విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్నములకును ఇదియే వర్తించును. భవనము పడిపోయిన పిమ్మట వ్యాసము వ్రాయువారు ఎందరో కలరు. నిలిచియుండగా నలుగురు మిత్రులను వెంటబెట్టుకొని పోయి, ద్వారమువద్ద నిలిచి, కట్టినవారెవరు, సొమ్మెవరిది, లోనికి ఎవరిని రానిచ్చిరి యని మూడు ప్రశ్నలు వేయువారు కొందరే. ఆ ప్రశ్నలకు ఒక ఆదివారము చాలదు. అందువలననే వారమువారమును ఒక ఆదివారము వచ్చుచున్నది.